ఎడమ చేతికి ఒక పెన్ను

రేపు సోషల్.
పరీక్ష పిల్లది, జ్వరం నాది.

రువి హైస్ట్రీట్‌లో పార్కింగ్ దొరక్క
మూడు చుట్లు తిరిగి
హిలాల్ చాచా స్టేషనరీ ముందు
సగం బండి ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాను.
ఆగకముందే దూకింది హిమజ.
(మంచుబిడ్డ అని ఆ పేరు పెట్టిన నాటికి
నేనింకా ఏసీ మెకానిక్కుని కాదు.)

ఇంట్లో డబ్బా నిండా పెన్నులే.
ఒకటి బంకలా సాగుతుంది,
ఒకటి మూడో మాటకల్లా మొండికేస్తుంది,
ఇంకోటి, తప్పు నాదే,
పోయిన జూన్‌లో డాష్‌బోర్డు మీద మరిచిపోతే
కడుపులోదంతా కక్కేసి
నా జాబ్ కార్డుల మీద ఏవో దీవులు గీసింది.

జెల్ పెన్ను మంచిదే, నీళ్ళలా జారుతుంది.
కానీ మా పిల్లది పుర్రచెయ్యి.
రాసిన మాట మీదుగానే నడవాలి దాని చెయ్యి.
ప్రీబోర్డులో స్వాతంత్ర్య పోరాటం మొత్తం
చిటికెన వేలి కింద పడి నలిగిపోయింది.
మార్జిన్‌లో టీచరమ్మ ఎర్రగా రాసింది: శుభ్రత.
అంతే. పక్కన ఒక ఫుల్‌స్టాప్.
ఆ చుక్క చూసి ఏడ్చింది, మార్కులు చూసి కాదు.

గల్లా పక్కన పెన్నులు గీసి చూసే అట్ట.
ఊరందరి చేతులూ ఉన్నాయి దాని మీద.
సంతకాలు, సున్నాలు, సగంలో తెగిన ఫోన్ నంబరు,
మలయాళం చుట్టలు,
కుడి నుంచి ఎడమకి పారే అరబ్బీ,
ఎవరిదో బాకీ లెక్క, నూట ఎనభై రియాళ్ళు,
కింద రెండు గీతలు కొట్టారు.
బాకీ తీరిందో, పెన్ను నచ్చిందో.

"శ్రీ రాసి చూడు" అన్నాను.
కమ్మర్‌పల్లి బడిలో మా పంతులు చెప్పిన పరీక్ష అది.
క్రావడి మలుపులో పెన్ను తడబడితే పక్కన పెట్టెయ్.
"నేను రాసేది ఇంగ్లీషులో డాడీ" అని నవ్వి
అయినా రాసింది.
చెయ్యి జరిగింది. శ్రీ కి నీలం తోక మొలిచింది.

అప్పటిదాకా చిల్లర లెక్కపెడుతున్న చాచా
కుమ్మా టోపీ వెనక్కి నెట్టి
మా ఇద్దరికీ వచ్చిన ముక్కల హిందీలో అడిగాడు:
"ఎడమ చెయ్యా?"
తన ఖాతా పుస్తకం తెరిచి ఒక వరస రాశాడు.
"చూడు బేటీ, నాది కుడి చెయ్యే.
మా రాత ఇటు నుంచి అటు.
నేనూ రాసినదాని మీదే నడవాలి కదా."

నలభై ఏళ్ళ ఖాతాలు.
తెల్ల దిష్‌దాషా చేతి అంచున మచ్చ లేదు.

పుస్తకం కాస్త వాల్చాడు.
చేతిని వరస కిందికి దించాడు,
గోడ నీడన నడిచే మనిషిలా.
తర్వాత కింది అరలోంచి ఒక పెన్ను తీశాడు.
మెరుపు లేదు, క్యాప్ మీద బొమ్మ లేదు.
గీసి, వెంటనే బొటనవేలితో గట్టిగా రుద్దాడు.
గీత కదల్లేదు.
"నూట యాభై బైసాలు. రెండు తీసుకో.
ఒకటి ఈ రాత్రే అరగదియ్.
కొత్త చెప్పులతో పెళ్ళికీ, కొత్త పెన్నుతో పరీక్షకీ పోకూడదు."

రాత్రి పదకొండున్నర దాకా
కాగితం వాల్చి, చెయ్యి దించి,
నదుల పేర్లు రాసింది. గోదావరి నాలుగుసార్లు.
నేను చూడని ఊళ్ళ మీదుగా కూడా పారించింది.

పొద్దున గేటు బయట
ఇంజను ఆపకుండా కూర్చున్నాను.
రెండో పెన్ను ఏసీ గాలికి ఎదురుగా పెట్టాను.
లోపలికి పంపలేనని తెలుసు. అయినా చల్లగా ఉండనీ.

పన్నెండుకి వచ్చింది.
ఎలా రాశావని అడగలేదు.
"చెయ్యి చూపించు."

చిటికెన వేలి కింద గోరంత నీలం.
"చివరి ప్రశ్న దగ్గర తొందరపడ్డా" అంది.
మధ్యవేలి మీద పెన్ను తొలిచిన గుంట,
ఎర్రగా, ఇంకా వెచ్చగా.
పెన్నేదీ అంటే
వెనక బెంచీ అమ్మాయిది ఆగిపోతే ఇచ్చేసిందట,
మిగతాది పాతదానితో లాక్కొచ్చిందట,
ఆ బంకదానితో.

నేనేం అనలేదు.
డాష్‌బోర్డు మీంచి రెండోది తీసి ఇచ్చాను.
ఎల్లుండి లెక్కలు.
పెన్సిల్ సంగతి ఇంకా తేల్చలేదు.